ఎడమకి తిరిగితే ఇల్లు

జులై 2

ఇవాళ నాది తప్పు లేదని తేల్చేశారు.

కామా సార్ స్వయంగా నా సీటు దగ్గరికొచ్చి చెప్పారు. విమానాలకి దారి చెప్పే మా సెంటర్‌లో ఆయన సూపర్‌వైజర్. ఎవరు ఏ రిపోర్టు రాసినా ముందు కామాలు దిద్దుతారు, విషయం తర్వాత. ఇవాళ మాత్రం కామాల జోలికి పోకుండా, "ఆఫీసు విచారణలో సెంటర్ వైపు నుంచి ఏ లోపమూ లేదని రాశారమ్మా. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. హాయిగా ఊపిరి పీల్చుకో" అన్నారు. పక్క సీట్ల వాళ్ళు టీ తెప్పించారు. తాగకపోతే బాగుండదని తాగాను.

హాయిగా ఊపిరి పీల్చుకోవాలట. విమానం కొండకి గుద్దుకుని పోయింది పరాయి పైలట్ అయితే పీల్చుకునేదాన్నేమో. నా మొగుడికి సొంత అన్న. మా పైవాటాలో ఉండే బావగారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన బూట్లు విప్పుకుంటున్నారు. ఆయన కూడా పైలటే, అన్నగారి కంపెనీలోనే. "ఏమన్నారు?" అని అడిగారు.

"నా తప్పు లేదన్నారు."

రెండో బూటు లేసు కూడా విప్పి, రెండూ గోడవారగా పెట్టారు. "అయితే అన్నయ్యదన్నమాట" అని స్నానానికి వెళ్ళిపోయారు.

అంతే మరి. నేను గెలిస్తే బావగారు ఓడిపోయినట్టు. ఇద్దరిలో ఎవరో ఒకరం. ఈ ముక్క ఆఫీసులో టీ తాగేటప్పుడు నా బుర్రకి తట్టలేదు.

జులై 3

మాట్లాడలేదు.

జులై 4

మాట్లాడలేదు. కూర బాగుందా అంటే తలూపారు. అందులో ఉప్పే వెయ్యలేదని నేను తిన్నాక తెలిసింది.

జులై 5

ఎలాగూ నిద్ర లేదు. మొత్తం ఒకసారి రాసేస్తాను. తలలో తిరిగేకంటే కాగితం మీద తిరగడం మేలు.

కొండల మధ్య ఉందా ఎయిర్‌పోర్టు. ఎయిర్‌పోర్టంటే పెద్ద మాట. ఒక రన్‌వే, ఒక రేకుల షెడ్డు, షెడ్డు గోడకి ఒక ఫోను. టవర్ లేదు, దారి చూపించే మనిషి లేడు. రన్‌వేకి ఎడమ పక్కన ఒక కొండ. వంగిన వీపులా ఉంటుందని పైలట్లు దానికి గూనోడని పేరు పెట్టారు. మందుల పెట్టెలు దించేసి తిరుగు ప్రయాణమయ్యే పైలట్, మబ్బు పట్టి ఉంటే, షెడ్డులోంచి నాకు ఫోన్ చేస్తాడు. నేనెక్కడో దూరంగా, కిటికీల్లేని ఏసీ గదిలో ఉంటాను. ఇంత ఎత్తు, ఈ దిక్కు, ఇంతలోపు లేవకపోతే పర్మిషన్ రద్దు అని చెప్తాను. ఫోన్ పెట్టేసి లేస్తాడు. గూనోడి తల దాటి పైకొచ్చేదాకా నా స్క్రీన్ మీద కనిపించడు, రేడియోలో వినిపించడు. ఓ నాలుగు నిమిషాలు ఉన్నాడో లేడో దేవుడికే తెలియాలి.

లేచాక ఏం చెయ్యాలో పైలట్ల దగ్గర అచ్చేసిన కాగితం ఉంటుంది. నది మీదుగా నేరుగా ఐదువేల అడుగులు ఎక్కు, అప్పుడు తిరుగు. కొండని తప్పించుకోవడం పైలట్ పని. నేను చెప్పే దిక్కు, ఆ ఎక్కడం అయ్యాక పట్టుకోవాల్సిన దిక్కు. అది రూలు. ఆ "ఎక్కడం అయ్యాక" అన్నది మాత్రం నేను చెప్పే మాటల్లో ఉండదు. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ చెప్పరు.

ఆ రోజు బావగారికి నేను చెప్పింది ఇదీ: "లేచాక ఎడమకి, రెండు నాలుగు సున్నా." రెండు నాలుగు సున్నా అంటే దిక్సూచి మీద మా ఊరి దిక్కు. ఎడమకి తిరిగితే మా ఊరు. మా ఇల్లు. "పది నిమిషాల్లో లేవాలి బావగారూ, మీ కోసం ఇంకో విమానాన్ని ఆపి ఉంచాను" అని కూడా అన్నాను. "సరేనమ్మా, అరగంటలో ఇంట్లో ఉంటానని మీ అక్కకి చెప్పు" అన్నారు. ఇలాంటి కబుర్లు లైన్లో చెప్పుకోకూడదు. నవ్వి పెట్టేశాను.

ఆయన నేరుగా ఎక్కలేదు. లేస్తూనే ఎడమకి తిరిగారు. మబ్బులో.

చెప్పాల్సింది చెప్పాను. రూల్లో ఉన్నదే చెప్పాను.

జులై 6

చెప్పాల్సింది చెప్పాను.

జులై 8

పైకి వెళ్ళాను. వెళ్ళకుండా ఎన్నాళ్ళు తప్పించుకుంటాను.

అక్క అంటే బావగారి భార్య. వరసకి తోడికోడలు, కానీ ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచీ అక్కా అనే పిలిచాను. తోడికోళ్ళు కొట్టుకోకపోతే చుట్టాలకి తోచదు, మేమా సరదా ఎవరికీ తీర్చలేదు. నేను వెళ్ళేసరికి ఇస్త్రీవాడు బట్టలిచ్చి వెళ్తున్నాడు. వాడికి తెలీదు కాబోలు, బావగారి యూనిఫాం కూడా తెచ్చాడు. అక్క దాన్ని హ్యాంగరుకి తగిలించి, కాలరు సరిచేసి, బీరువాలో పెట్టి వచ్చి కూర్చుంది.

"నీతో ఆఖరుగా ఏమన్నారే?" అని అడిగింది.

"అరగంటలో ఇంట్లో ఉంటానని నీతో చెప్పమన్నారక్కా."

"మరి నాకు చెప్పలేదేం?"

నిజమే. చెప్పలేదు. ఫోన్ చేద్దామనుకునేలోపు ఇంకో విమానం పిలిచింది, ఆ తర్వాత ఎవరికీ ఏమీ చెప్పే పరిస్థితి లేకపోయింది.

"తొందరపడ్డాడంటున్నారట బయట" అంది అక్క. "ఆయన తొందరపడే మనిషేనా? గేటుకి గొళ్ళెం పెట్టి నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునే మనిషి. నేనెన్నిసార్లు తిట్టానో."

"ఇంకా ఏదీ తేలలేదక్కా. పెద్ద రిపోర్టు రావాలి."

"తేలాక మీరే వచ్చి చెప్పండి. నువ్వో, మీ ఆయనో. వాళ్ళ కాగితాలు నేను చదవను. చదివినా నమ్మను."

అన్నం పెడతానంటే ఆకలి లేదంది. పొద్దుటి గిన్నెలు పొయ్యి మీద అలాగే ఉన్నాయి, మూత కూడా తియ్యలేదు.

పది నిమిషాల్లో లేవాలన్నది నేనే కదా. తొందరపడే అలవాటు లేని మనిషి చేత తొందర పెట్టించింది ఎవరు? కానీ టైము చెప్పకుండా పర్మిషన్ ఇవ్వకూడదు. ప్రతివాడికీ చెప్తాను. ఆయనకీ చెప్పాను.

జులై 10

కామా సార్‌ని అడిగాను. ఒక్క వాక్యం చేర్చుకోనివ్వండి సార్, ఐదువేలు దాటేదాకా తిరగొద్దు, కొండ మాకు కనిపించదు అని. అంతే.

"ఆ ఒక్క వాక్యం చేర్చావంటే కొండ సంగతి మనం నెత్తినేసుకున్నట్టు. ఒక రోజు చెప్పడం మరిచిపోయావనుకో, ఎవరి మెడకి చుట్టుకుంటుంది?"

"ఇప్పుడెవరి మెడకి చుట్టుకుంటోంది సార్?"

"పైలట్ మెడకి. రూలు అలాగే ఉంది."

"పైలట్లేమో మనం చూస్తున్నామనుకుంటున్నారు."

"ఎందుకనుకోవాలి?"

"దిక్కు చెప్తున్నాం కదా సార్. దారి చెప్పేవాడు గోతులవీ చూసుకునే చెప్తాడనుకుంటాడు ఎవడైనా."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాపం, చెడ్డవాడు కాదు. "నీ మనసు బాగాలేదమ్మా. నాలుగు రోజులు సెలవు పెట్టుకో" అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. సెలవు చీటీలో కూడా ఒక కామా పెట్టి ఇచ్చారు.

జులై 13

నేనే ముందు నోరు తెరిచాను. "రేపు మీతో నన్నూ తీసుకెళ్ళండి. ఆ కొండని చూడాలి" అన్నాను.

"పొద్దున్నే బయల్దేరాలి" అన్నారు.

పదకొండు రోజులకి రెండు మాటలు. లెక్కపెట్టుకుంటున్నానంటే నా బతుకెలా ఉందో చూడు.

జులై 14

పదకొండేళ్ళుగా ఆ రన్‌వే నుంచి లేచేవాళ్ళకి దారి చెప్తున్నాను. గూనోణ్ణి చూడటం ఇవాళే మొదలు.

ఇంత దగ్గరగా ఉంటాడని ఎవరూ చెప్పలేదు. నా స్క్రీన్ మీద వాడొక గీత, పక్కనొక అంకె. ఇక్కడ షెడ్డు గుమ్మంలో నిలబడితే మీదికొచ్చి పడేలా ఉన్నాడు. రాళ్ళు, ముళ్ళపొదలు, మేకలు తొక్కిన సన్నటి దారి. పైన ఒకచోట నల్లగా కాలిన మచ్చ. ఆయన అటు చూడలేదు. నేను చూశాను, మెడ నొప్పెట్టేదాకా చూశాను.

డ్రమ్ముల్లోంచి విమానాలకి పెట్రోలు పట్టే ముసలాయన ఉన్నాడక్కడ, డ్రమ్ముల తాత అంటారు. నేను మంచినీళ్ళడగ్గానే గొంతు గుర్తుపట్టేశాడు. గోడ ఫోను పక్కనే కదా ఆయన మంచం.

"ఫోన్లో మాట్లాడేది మీరేనా తల్లీ. మీరుంటే మా పైలట్లకి ఎంత ధైర్యమో. అక్కడ కూర్చుని అంతా చూస్తుంటారు కదా."

"నాకేమీ కనిపించదు తాతా. కొండ దాటేదాకా విమానమే కనిపించదు."

నవ్వాడు. "ఊరుకోండి తల్లీ. చూడకుండానే ఎడమకి తిరగమంటారేంటి ఎవరైనా."

ఆఫీసులో అడిగితే కొండని పైలట్ చూసుకుంటాడంటారు. ఇక్కడ అడిగితే సెంటర్ చూసుకుంటుందంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైందో మాత్రం ఎవరికీ తెలీదు. మా ఆయన గడప దగ్గర నిలబడి ఈ మాటలన్నీ విన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఆకాశం కడిగినట్టుంది. "బెల్టు బిగించుకో" అన్నారు. నది మీదుగా నేరుగా ఎక్కుతారనుకున్నాను. చక్రాలు నేల వదిలిన మరుక్షణం ఎడమకి వంచేశారు.

"ఏవండీ" అన్నాను.

"నువ్వు చెప్పిన దారే" అన్నారు.

అద్దం నిండా కొండే. రాళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. కళ్ళు మూసుకున్నాను. విమానం కుడికి ఒరిగింది. తెరిచి చూస్తే గూనోడు పక్కనుంచి వెనక్కి పోతున్నాడు. ఇవాళ ఎండ ఉంది కాబట్టి ఆయనకి కొండ కనిపించింది, తప్పుకున్నారు. మబ్బుంటే ఆ తప్పుకోవడమే ఉండదు.

దిగాక రెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యివ్వలేదు. రేపు వర్షాలు మొదలవుతాయట, రేడియోలో చెప్తున్నారు.

జులై 15

వాన.

జులై 17

వాన. ఆయన మబ్బుల్లోనే వెళ్ళొస్తున్నారు. నేను సెలవులో ఉన్నాను, దారి వేరేవాళ్ళు చెప్తున్నారు. గేటు చప్పుడైతే గానీ అన్నం సహించట్లేదు.

బావగారి స్థానంలో కొత్త పైలట్‌ని తీసుకున్నారు. పొద్దున్న మా ఆయన్ని కార్లో ఎక్కించుకోడానికి వచ్చాడు. ఆ సెంటు వాసన, ఆ దువ్విన జుట్టు చూసి వీడి పేరు పెళ్ళికొడుకు అని పెట్టేశాను. పెట్టి, నాలో నేనే నవ్వుకున్నాను. ఇంకా నవ్వు వస్తోందంటే ఆశ్చర్యంగా ఉంది.

జులై 19

అక్క నీరసంతో మెట్ల మీద కూలబడింది. డాక్టర్ని పిలిచాం. రోగమేమీ లేదట, తిండి లేదట. డాక్టరు వెళ్ళాక మరిది చెయ్యి పట్టుకుని, "మీ అన్న తప్పు చేశాడా చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాను" అంది. ఆయన "కనుక్కుని చెప్తాను వదినా" అన్నారు.

కనుక్కోవడమేంటో నాకు అర్థం కాలేదు. ఎవరిని అడుగుతారు? పోయినాయన్నా?

జులై 22

ఎలా కనుక్కుంటారో ఇవాళ తెలిసింది.

డ్యూటీలో చేరాను. కొండల మీద కారు మబ్బు. మధ్యాహ్నం షెడ్డు ఫోన్ మోగింది. "సెంటర్, పర్మిషన్ కావాలి మేడమ్" అన్నారు. ఇంట్లో నోరు విప్పని మనిషి లైన్లో మేడమ్ అంటుంటే ఒళ్ళు మండింది. సిగ్గులేని మనసు సంతోషపడింది కూడా.

"నది మీదుగా నేరుగా ఐదువేలు ఎక్కండి. పైకొచ్చాక పిలవండి. దిక్కు అప్పుడిస్తాను."

"దిక్కు ఇప్పుడే ఇవ్వండి."

"పైకొచ్చాక ఇస్తాను."

"అన్నయ్యకి ముందే ఇచ్చావుగా. నాకూ అదే ఇవ్వు."

మేడమ్ పోయింది, అండీ పోయింది. ఇది మా ఇద్దరి మధ్య మాట.

"ఇవ్వను" అన్నాను.

"రూల్లో ఉన్నదేగా. నీ తప్పేం లేదని రాశారుగా. ఆ రోజు చెప్పినట్టే చెప్పు. అన్నయ్య ఎందుకు తిరిగాడో నేను తెలుసుకోవాలి."

"మీకు దణ్ణం పెడతాను. ఇవ్వను" అన్నాను. గదిలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. కామా సార్ వచ్చి నా చెవులమీది హెడ్‌ఫోన్ మెల్లగా తీసుకున్నారు. తాను పెట్టుకుని చెప్పారు. "లేచాక ఎడమకి, రెండు నాలుగు సున్నా. పది నిమిషాల్లో లేవాలి." ఒక్క కామా కూడా తేడా లేదు.

లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. ఏ దేవుడికి మొక్కానో తెలీదు, ఉన్నవాళ్ళందరికీ కలిపి ఒకటే మొక్కు. స్క్రీన్ మీద గూనోడి గీత, పక్కన అంకె. ఇంకేమీ లేదు. ఇవాళ ఆ గీతలో నాకు రాళ్ళు కనిపించాయి.

చుక్క వచ్చింది. నది మీద. గూనోడికి చాలా దూరంగా. నేరుగా ఎక్కారు.

"ఐదువేలు దాటాను. ఎడమకి తిరుగుతున్నాను" అన్నారు రేడియోలో.

కామా సార్ హెడ్‌ఫోన్ నాకిచ్చేస్తూ, "చూశావా, మన మాటలో ఏ దోషమూ లేదు" అన్నారు.

జులై 23

ఇవాళ సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి, గట్టు మీద చేతులానించి నిలబడి మాట్లాడారు. నేను గిన్నెలు తోముతున్నాను. ఆపలేదు. ఆపితే ఆయన ఆపేస్తారేమోనని భయం.

"తిరుగుదామనే లేచాను" అన్నారు. "మీ వాళ్ళు చెప్పినట్టే తిరిగితే ఏమవుతుందో చూద్దామని. చెయ్యి పోలేదు. లేవగానే నేరుగా పట్టుకుంది. ఆ చేతికి నేర్పిందే అన్నయ్య. ముందు ఎక్కరా, తర్వాత తిరుగు, ఇల్లెక్కడికీ పోదు అనేవాడు. మొదట్లో నేను తొందరపడితే నెత్తి మీద మొట్టేవాడు."

కుళాయి కట్టేశాను.

"నేరుగా ఎక్కితే గూనోడు ఎక్కడో పక్కన ఉండిపోయాడు. బోలెడంత ఖాళీ. అన్నయ్యకి తెలుసు. నాకంటే బాగా తెలుసు. ఆ రోజు ఆయన బుద్ధికి ఏమైందో నాకు తెలీదు. ఎప్పటికీ తెలీదు." నా వైపు తిరిగారు. "నీ తప్పు లేదు."

ఆ మాట కోసం ఇన్నాళ్ళు చచ్చానని అప్పుడే తెలిసింది. సబ్బు చేతులతోనే ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. ఆయనా ఏడ్చారు. అన్న పోయాక ఆయన ఏడవడం అదే మొదటిసారి. పెళ్ళయిన కొత్తలో కూడా అంత దగ్గరగా లేమేమో.

కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "వదిన అడుగుతోంది. రేపు చెప్పాలి" అన్నారు.

"చెప్పండి. నేనూ వస్తాను."

"అన్నయ్య తప్పని చెప్పలేను. ఆ మాట వింటే ఆవిడ బతకదు."

"మరేం చెప్తారు?"

నా వైపు చూడలేదు. గిన్నెల వైపు చూశారు. "నువ్వు తప్పు దారి చెప్పావని చెప్తాను" అన్నారు.

జులై 24

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను. ఎండిపోతున్న మనిషి పైన ఉంది. అడకత్తెరలో పోకచెక్కలా మొగుడున్నాడు. నాకేం, కాగితం మీద నిర్దోషిని. ఆఫీసులో టీ కూడా తాగించారు.

పైకి ఇద్దరం వెళ్ళాం. ఆయనే చెప్పారు. సెంటర్ వాళ్ళు కొండ వైపు తిప్పారు వదినా, అన్నయ్య వాళ్ళు చెప్పినట్టే చేశాడు, ఆయన తప్పు వీసమెత్తు లేదు అని. అక్క నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

"నిజమే అక్కా. నేనే చెప్పాను, ఎడమకి తిరగమని."

గమ్మత్తేమిటంటే ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. "నాకు తెలుసు, ఆయన అలాంటి మనిషి కాదు" అని మరిదితో అంది. తర్వాత నాతో, నా మొహం చూడకుండా అంది. "నిన్నేమీ అనను. కావాలని చెయ్యవు కదా. కానీ ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు. ఆయన ఆఖరుగా విన్నది నీ గొంతు. అది నాకు వినిపించకూడదు."

కిందికి దిగి వచ్చేశాను. ఆయన ఇంకాసేపు పైనే ఉన్నారు. సాయంత్రం పైనుంచి పోపు వాసన వచ్చింది. అక్క వండుకుంది.

జులై 25

పైన అడుగుల చప్పుడు వింటున్నాను. తిరుగుతోంది, పని చేసుకుంటోంది. మంచి పనే చేశాం.

జులై 28

మంచి పనే చేశాం.

ఆగస్టు 3

పెద్ద రిపోర్టు వచ్చింది. పైలట్ నిర్ణీత ఎత్తు ఎక్కకముందే తిరగడమే కారణం. రెండు పేజీలు. అక్క చదవదు, చదివినా నమ్మదు.

ఆగస్టు 7

గేటు దగ్గర పక్కింటాయన పలకరిస్తే మా ఆయన చెప్తున్నారు. "మా అన్నయ్యది తప్పేం లేదండీ, సెంటర్ వాళ్ళే తప్పు దిక్కు చెప్పారు." ఎక్కడా తడుముకోలేదు. నేను బట్టలు తీస్తూ విన్నాను. లోపలికొచ్చాక, "ఆ రోజు వంటింట్లో ఒక మాటన్నారు, గుర్తుందా?" అని అడిగాను.

"ఏ మాట?" అన్నారు.

బట్టలు మడతపెట్టుకున్నాను.

ఆగస్టు 11

నేను వాక్యం చేరుస్తున్నాను. కామా సార్ రెండుసార్లు మెమో రాసిచ్చారు, మూడోసారి రాస్తే సీటు మారుస్తారట. మార్చుకోనీ. ఐదువేలు దాటేదాకా తిరగొద్దు, కొండ నాకు కనిపించదు. ప్రతివాడికీ చెప్తున్నాను. చేతులు కాలాక ఆకులు. అయినా చెప్తున్నాను.

ఆగస్టు 14

ఇవాళ మబ్బు. షెడ్డు నుంచి పెళ్ళికొడుకు ఫోన్ చేశాడు. వాణ్ణి ఒంటరిగా పంపడం ఇదే మొదటిసారి. పర్మిషన్ ఇచ్చి, నా వాక్యం కూడా చెప్పాను.

నవ్వాడు. "అలా అంటారేంటి మేడమ్, మీరు చూడకపోతే ఎవరు చూస్తారు?"

"నువ్వే చూసుకోవాలి. మీ దగ్గర కాగితం ఉంది. నేరుగా ఎక్కు బాబూ."

"ఆ కాగితం పాతది మేడమ్. పాత కెప్టెన్ గారి సంగతి నాకు తెలుసు. కొండ వైపు తిప్పింది మీరేనని మీరే ఒప్పుకున్నారట కదా. ఇంట్లోవాళ్ళ ముందే." గొంతు తగ్గించి, మంచిగానే అన్నాడు. "మనసులో పెట్టుకోకండి. ఇప్పుడు మీరెంత జాగ్రత్తగా చూస్తారో మాకు తెలుసు. అందుకే మీరు లైన్లో ఉంటే మాకు భయం లేదు."

"రిపోర్టు చదివావా నువ్వు?"

"రిపోర్టుల్లో ఎప్పుడూ పోయినవాడి మీదే రాస్తారు కదా మేడమ్. తమ్ముడు గారే చెప్పారు మాకు."

నిజం చెప్పేద్దామనుకున్నాను. నేను తప్పు చెయ్యలేదు, ఆయనే ముందు తిరిగేశారు, అందుకే పోయారు అని. చెప్తే వాడు షెడ్డులో చెప్తాడు, షెడ్డులో చెప్పింది సాయంత్రానికి మా గేటు దాకా వస్తుంది, గేటు దాకా వచ్చింది మెట్లెక్కుతుంది. పైన పోపు వాసన గుర్తొచ్చింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

"నేరుగా ఎక్కు" అన్నాను మళ్ళీ. అంతే అన్నాను.

"అలాగే మేడమ్. చూస్తూ ఉండండి" అని పెట్టేశాడు.

గీత, అంకె, ఖాళీ. చుక్క వచ్చింది. నది మీద కాదు. గూనోడి వీపుకి ఇంచుమించు ఆనుకుని, ఎడమకి, ఇంటి వైపు. మబ్బులో వాడికి కొండ కనిపించి ఉండదు. ఎంత దగ్గరగా వచ్చాడో వాడికి తెలీదు. "థాంక్యూ మేడమ్" అన్నాడు రేడియోలో.

ఇంటికొచ్చి ఆయనతో చెప్పాను. వాడికి నిజం చెప్పండి, మీరు చెప్తే వింటాడు అని కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"నేరుగా ఎక్కమని చెప్పాను" అన్నారు. "సెంటర్ చూసుకుంటుంటే ఎందుకు సార్ అన్నాడు. ఏం చెప్పను?"

ఇద్దరం కూర్చున్నాం. పైన అక్క బిందె ఎత్తి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది.

ఆగస్టు 15

మబ్బు. పెళ్ళికొడుకు మళ్ళీ వెళ్ళాడు. ఇవాళ కూడా గూనోడి పక్కనుంచే తిరిగొచ్చాడు.